మంచులో ఐదో గుంట

పోస్టుకి చేరేసరికి పగలు పదకొండు గంటల నలభై నిమిషాలు. బేస్ నుంచి ఆరు గంటల నడక. వీపు మీద ఇరవై రెండు కిలోల సామాను. నడుముకి తాడు, ఆ తాడు ముందువాడి నడుముకీ వెనకవాడి నడుముకీ. ఎత్తు పదహారు వేల అడుగుల పైన. ఎండ కాస్తూనే ఉంది, థర్మామీటరు మాత్రం సున్నాకి పద్దెనిమిది కింద చూపిస్తోంది. ముక్కులోంచి కారింది మీసం మీదే గడ్డకట్టింది.

ఊళ్లో జనం అడుగుతుంటారు, "ఏం మిలటరీ, ఎంతమందిని కాల్చావ్?" అని. ఒక్కణ్ణీ కాల్చలేదు. నా మీద కూడా ఎవడూ కాల్చలేదు. నాకు తగిలిన దెబ్బ గురించి చెప్పాలంటే పాస్ పోయడం గురించి చెప్పాలి. సిగ్గనిపించేవాళ్లు ఇక్కడే లేచి వెళ్లొచ్చు, నేనేమీ అనుకోను. ఆ సిగ్గుతోనే నేను రెండు కిడ్నీల మీదికి తెచ్చుకున్నాను.

పోస్టులో ఐదుగురం. కమాండర్ కొండ ప్రాంతం మనిషి, నాయబ్ సుబేదారు, సాబ్ అనేవాళ్లం. మెషిన్‌గన్ మనిషి ఒకడు, అతని జోడీ ఒకడు, వంట సిపాయి ఒకడు, రేడియో దగ్గర నేను. ఇసుక బస్తాల మధ్య ఫైబర్ గుడిసె. లోపల కిరసనాయిలు పొయ్యి, దాని మసి. ఉమ్మితే నల్లగా పడేది. మాది పర్చూరుకి ఏడు కిలోమీటర్ల అవతల నల్లరేగడి ఊరు. వాన పడితే కాలికి మట్టి అంటుకుంటుందని విసుక్కునేవాణ్ణి. అక్కడ ఆ మట్టి కోసం ఏడుపొచ్చింది.

గుడిసె తలుపు నుంచి పదిహేను అడుగుల తాడు కట్టి ఉండేది. తాడు చివర చదునైన అంచు. అదే మా మరుగుదొడ్డి. ఒక్కొక్కడికీ ఒక్కో చోటు. వేడిగా పడ్డచోట మంచు కరిగి గుంట పడేది, పసుపు గుంట. ఎవడి గుంట వాడిదే, ఇంకొకడి దాంట్లో పోయకూడదు. ఇది సాబ్ పెట్టిన ఆర్డరు. మొదట్లో పిచ్చి ఆర్డరు అనుకున్నాను. రోజూ పొద్దున సాబ్ అక్కడికెళ్లి ఐదు గుంటల్నీ చూసి వచ్చేవాడు. రంగు ముదిరితే ఆ మనిషి నీళ్లు తాగడం లేదని లెక్క.

"మద్రాసీ, నీది చాయ్ రంగులో ఉంది. నా ముందు రెండు మగ్గులు తాగు."

తాగేవాణ్ణి. కానీ మనసులో తిట్టుకునేవాణ్ణి. ఎందుకంటే తాగితే బయటికి పోవాలి. బయటికంటే బూట్లు, కోటు, మూడు జతల గ్లౌజులు. వేసుకోవడానికి ఎనిమిది నిమిషాలు, పని అర నిమిషం. అందరం దొంగతనంగా నీళ్లు మానేసేవాళ్లమే.

నలభై మూడో రోజు పొద్దున తొమ్మిదింబావుకి గుడిసె పైకప్పు మీద మంచు తోస్తున్నాను. కాలు జారింది. ఎనిమిది అడుగులు. మంచులో బిగుసుకున్న కిరసనాయిలు డబ్బా అంచు మీద నడ్డి ఆనేలా కూలబడ్డాను. కళ్ల ముందు తెల్లగా అయిపోయింది. మెషిన్‌గన్ మనిషి చంకల్లో చేతులు వేసి లేపాడు. నిలబడ్డాను. నడిచాను కూడా. పాదాలు మాత్రం నావి కానట్టున్నాయి. కూర్చుంటే కింద దిండు పెట్టినట్టుంది, దిండు లేదు. కూర్చునే చోటంతా మొద్దుబారింది. చలికి అనుకున్నాను.

మాకు రెండున్నర గంటల దిగువన ఇంకో పోస్టు. అక్కడ నర్సింగ్ అసిస్టెంట్ ఉండేవాడు, మాకున్న డాక్టరు, కాంపౌండరు అంతా అతనే. వాడిది వినుకొండ. అందుకని మేమిద్దరం రేడియో సెట్‌లో తెలుగులో మాట్లాడుకునేవాళ్లం. సాయంత్రం ఐదింటికి వాడి గొంతు వచ్చింది.

"ఏరా పర్చూరు, పడ్డావంట. నడుము ఎట్టా ఉంది? ఓవర్."

"నొప్పిగా ఉంది. గోలీ వేసుకున్నా. ఓవర్."

"పాస్ పోశావా? ఓవర్."

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ఆ సెట్ ఒక్కరిది కాదు. మూడు పోస్టులు, కింద బేస్, అందరూ ఒకే ఫ్రీక్వెన్సీ మీద. అందులో తెలుగు వచ్చినవాళ్లు నలుగురున్నారు. ఎవడికి విరేచనాలైనా, ఎవడికి పెళ్లాం ఉత్తరం రాయకపోయినా నెల రోజులు అదే జోకు. నాకు పడిన దగ్గర్నుంచి ఒక్క చుక్క రాలేదు. రావాలని కూడా అనిపించలేదు. నిజం చెప్తున్నాను, నాకు సంతోషమేసింది. ఆ చలిలో బయటికి పోయే పని తప్పింది అనుకున్నాను. పైగా ఆరు రోజుల్లో నా బదులు మనిషి వస్తాడు, లీవు మంజూరైంది, మా పాపని ఇంకా చూడనేలేదు.

"పోశాను. ఓవర్."

"రక్తమేమన్నా కనపడిందా? ఓవర్."

"లేదు. అంతా ఓకే. ఓవర్ అండ్ అవుట్."

ఆ రాత్రి అడుగు మందాన మంచు పడింది. పొద్దున ఏడింటికి సెట్‌లో మళ్లీ అదే ప్రశ్న. మళ్లీ అదే జవాబు. మధ్యాహ్నం రెండింటికి సాబ్ బయటినుంచి వచ్చి బూట్ల మంచు దులుపుకున్నాడు. ఎవరి వంకా చూడకుండా అడిగాడు.

"మనం ఎంతమందిమి?"

"ఐదుగురం సాబ్," అన్నాడు వంట సిపాయి.

"రాత్రి కురిసిన మంచులో గుంటలు నాలుగే ఉన్నాయి. ఎవరిది లేదు?"

నేను సెట్ వైపు తల దించుకున్నాను. సాబ్ నా దగ్గరికి వచ్చి తన మూడు జతల గ్లౌజుల్లో రెండు తీసి, నా కోటు ఎత్తి, బొడ్డు కింద వేళ్లతో నొక్కాడు. పుచ్చకాయని చూసినట్టు వేలితో కొట్టి చూశాడు. గట్టిగా ఉంది. నాకు నొప్పి లేదు. నొప్పి లేకపోవడమే అసలు జబ్బు అని నాకు తెలియదు, సాబ్‌కి మాత్రం ఏదో తట్టింది. ఒక్క మాట తిట్టలేదు. నేరుగా సెట్ దగ్గరికి వెళ్లాడు.

వాతావరణం మూసుకుపోయింది, హెలికాప్టర్ తెల్లారేదాకా రాదన్నారు. వినుకొండవాడు బయల్దేరాడు. రెండున్నర గంటల దారి, కొత్త మంచు, పైనుంచి ఎప్పుడు జారుతుందో తెలియని వాలు. ఐదు గంటల పది నిమిషాలకి గుడిసెలోకి పాక్కుంటూ వచ్చాడు. కనుబొమల మీద మంచు కారుతూనే ఉంది, పొయ్యి మీద చేతులు కాచుకుని, పాస్ బయటికి తీసే సన్నటి గొట్టం తీసి పని మొదలుపెట్టాడు. కింద పాలపొడి డబ్బా పెట్టారు. అది నిండింది. ఇంకొకటి పెట్టారు. మొత్తం పద్నాలుగు వందల యాభై మిల్లీలీటర్లు.

"చివరిసారి ఎప్పుడు పోశావురా?"

"పొద్దున."

వాడు డబ్బా వంక చూశాడు, నా వంక చూశాడు. "సరే," అన్నాడు. రాత్రంతా నా పక్కనే కూర్చున్నాడు. తెల్లారి ఆరు యాభైకి హెలికాప్టర్ వచ్చింది. నన్ను ఎక్కించి, తలుపు వెయ్యబోతూ నా టోపీ సరిచేశాడు.

పెద్ద మిలటరీ ఆసుపత్రిలో వెన్నెముకకి ఆపరేషన్ చేసి స్క్రూలు బిగించారు. విరిగిన ఎముక ముక్క నరాల కట్టని నొక్కిందన్నారు. కాళ్లకీ, మూత్రం సంచికీ కబురు మోసే నరాలవి. ముందే వచ్చి ఉంటే బాగుండేదా అని అడిగాను. "కచ్చితంగా చెప్పలేం. ఎంత తొందరగా వస్తే అంత మంచిది," అన్నాడు సర్జన్. ఆ మాట తర్వాత నేను గోడవైపు తిరిగి పడుకున్నాను.

కాళ్లు నాలుగు నెలల్లో చాలావరకు తిరిగొచ్చాయి. చేతికర్రతో నడుస్తున్నాను. సంచి తిరిగి రాలేదు. నిండిందని చెప్పదు, ఖాళీ చెయ్యమంటే వినదు. అందుకని నాలుగు గంటలకోసారి సన్నటి గొట్టం మనమే పెట్టుకుని తీసుకోవాలి. పొద్దున ఆరు, పది, మధ్యాహ్నం రెండు, సాయంత్రం ఆరు, పడుకోబోయే ముందు పది. చేతులు సబ్బుతో కడగాలి, ఎంత తాగామో ఎంత తీశామో చార్టులో రాయాలి. వార్డు మాస్టారు చెప్పిందొక్కటే, "సెంట్రీ డ్యూటీ అనుకో. నిద్రొచ్చిందని పోస్టు వదలకూడదు." పది రోజుల్లో నేర్చుకున్నాను. సర్వీసు అయిపోయింది, ఇంటికి పంపారు.

రెండో పోస్టింగు మా ఊరు. ఇక్కడ మంచు లేదు, మిరపకాయ ఉంది.

మొదటి ఏడాది సక్రమంగానే చేశాను. నా భార్య సువార్త గొట్టాలు పెట్టుకోవడానికి స్టీలు డబ్బా ఇచ్చింది. చర్చిలో వెనక బెంచీ, తలుపు పక్కన నా చోటు. పాస్టరుగారు ప్రార్థన పొడిగిస్తే నేను మధ్యలో లేచి బయటికి వచ్చేవాణ్ణి. "ఏం మిలటరీ, దేవుడి దగ్గర కూడా కుదురుగా కూర్చోవా?" అని పెద్దాయన ఒకాయన ఎగతాళి చేసేవాడు. నాకు ఎక్కడా కుదురు లేదు. బస్సెక్కితే గంట చూసుకోవడం, పెళ్లికెళితే ముందు మరుగు తడిక ఎక్కడుందో చూసుకోవడం. ఒళ్లు మండిపోయేది.

రెండో ఏడు ఎకరంన్నర కౌలుకి తీసుకుని మిరప వేశాం. కాయ పండింది, కోతకొచ్చింది. కల్లంలో పరిచి, ఎండాక రంగుపోయిన తాలు కాయ వేరుచేసే పని నాది. కూర్చుని చెయ్యొచ్చు కదా అని ఒప్పుకున్నాను. మొదటిరోజు మధ్యాహ్నం రెండింటికి లేచి, సబ్బుతో చేతులు రెండుసార్లు కడుక్కుని, గొట్టం పెట్టుకున్నాను.

మిరప చేతులు సబ్బుకి లొంగవని మనందరికీ తెలుసు. ఆ చేత్తో కన్ను నలుపుకుంటే ఏమవుతుందో పసిపిల్లకి కూడా తెలుసు. నేనూ ఇక్కడ పుట్టినవాణ్ణే. కానీ ఏడెనిమిదేళ్లు తుపాకి నూనె పట్టిన చేతులు, మర్చిపోయాను. పైన చర్మం సగం మొద్దే, లోపల మంట మాత్రం నిక్షేపంగా తెలిసింది. కల్లం వెనక రేకుల పాకలో గోడకి తల ఆనించి పది నిమిషాలు పళ్లు బిగపట్టి నిలబడ్డాను. బయట ఆడకూలీలు నవ్వుకుంటూ కాయ ఏరుతున్నారు. వాళ్లకి వినపడకూడదని కేక మింగాను.

మర్నాటినుంచి పగటి గొట్టం మానేశాను. దానికి బదులు ఉపాయం కనిపెట్టాను. పిడికిలితో పొత్తికడుపు నొక్కితే కొంచెం ధార వచ్చేది. అబ్బ, వస్తోంది, నరాలు తిరిగొస్తున్నాయి అనుకున్నాను. కాసేపటికి చుక్క చుక్కగా లుంగీ తడిసేది. ఎక్కువ తాగడం వల్ల కారుతోందని లెక్కేసి, నీళ్లు తగ్గించాను. మార్చి ఎండలో, మిరప కల్లంలో, రోజుకి మూడు గ్లాసులు. సాయంత్రం సువార్త అడిగేది.

"ఏమయ్యా, పది గంటలది, రెండు గంటలది తీసుకున్నావా?"

"తీసుకున్నా. ఓకే."

చార్టులో అంకెలు కూడా వేశాను. మూడు వందల యాభై, మూడు వందల ఎనభై. అన్నీ నా సొంత అంకెలు.

పన్నెండో రోజు కల్లంలోనే చలి పుట్టింది. నలభై డిగ్రీల ఎండలో పళ్లు టకటకలాడాయి. ఆ పోస్టులో కూడా అంతలా వణకలేదు. ఎండు మిరప మీద కప్పడానికి తెచ్చిన పట్టానే నామీద కప్పింది సువార్త. ఆటోలో గుంటూరు తీసుకెళ్లింది.

ఆసుపత్రిలో డాక్టరమ్మ ముందు నన్ను బాత్రూంకి వెళ్లి రమ్మంది. వెళ్లి, పిడికిలితో నొక్కి, వచ్చి, "అయిపోయిందండి" అన్నాను. స్కానింగ్ చేసింది. అయిపోయిందన్న సంచిలో ఇంకా ఏడు వందలు ఉంది. రెండు కిడ్నీలూ ఉబ్బాయి. కారేది ఎక్కువై కాదట, నిండిన కుండ పొర్లినట్టు పైపైన పొర్లుతోందట. నేను నీళ్లు తగ్గించి, లోపల నిలవున్నదాన్ని ఇంకా చిక్కగా, ఇంకా మురుగ్గా చేశాను. పిడికిలితో నొక్కినప్పుడల్లా అది కిడ్నీల్లోకి ఎదురు తన్నింది.

జ్వరం తగ్గాక ఇంకో పరీక్ష. సన్నటి గొట్టం లోపలికి, దాని చివర ఒత్తిడి కొలిచే యంత్రం, తెర మీద గీత. మెల్లగా నీళ్లు ఎక్కిస్తారు. యంత్రం దగ్గరున్న అమ్మాయి చెప్పింది.

"వెళ్లాలనిపించగానే చెప్పండన్నా."

నీళ్లు ఎక్కుతున్నాయి. నూట యాభై. రెండు వందలు. నాకేమీ అనిపించలేదు. ఆ పిల్ల ఎదురుచూస్తోంది. పక్కన సువార్త నిలబడి ఉంది. ఏమీ తెలియని మనిషిలా పడుండటం నామోషీ అనిపించింది.

"అనిపిస్తోందమ్మా."

"ఇప్పుడు పోసెయ్యండి."

పోసినట్టు ముఖం పెట్టాను. పిల్ల తెర వంక చూసి మొహమాటంగా అంది, "గీత లేవలేదన్నా. సంచి బిగుసుకుంటే ఇది నిటారుగా లేవాలి. నీళ్లు ఎక్కేకొద్దీ మెల్లగా పాకుతోందంతే."

సువార్త నా పక్కనున్న చేతికర్ర తీసి గోడకి ఆనించింది. "కల్లంలో కూడా ఇట్టాగే చెప్పావా నాకు?" అంది. గొంతు పెద్దది చెయ్యలేదు. "ఆ చార్టు చూసి నేను ప్రార్థనలో స్తోత్రం చెప్పానయ్యా. బాగవుతున్నాడని చెప్పాను అందరికీ."

నాకు ఏడుపు వచ్చింది. గొట్టం పెట్టి ఉంది, లేవలేను, ముఖం దాచుకోడానికి చోటు లేదు. అలా పడుకునే ఏడ్చాను. అంతా చెప్పాను. మిరప మంట, పిడికిలి, దొంగ అంకెలు. అది అయ్యాక ఆగలేకపోయాను. పోస్టులో సెట్ మీద చెప్పింది కూడా చెప్పాను. ఆ సంగతి అప్పటిదాకా ఈ భూమ్మీద ఎవరికీ చెప్పలేదు.

సంగతంతా విన్న డాక్టరమ్మ కోప్పడలేదు. "ఇంకో ఆరు నెలలు ఇట్టాగే చేసుంటే డయాలసిస్ గురించి మాట్లాడుకునేవాళ్లం. ఇప్పుడింకా మన చేతిలోనే ఉంది," అంది. సంచి గోడ మెత్తబడటానికి మాత్ర రాసింది. పిడికిలి వద్దంది. రెండు లీటర్ల నీళ్లు, నాలుగు గంటలకోసారి గొట్టం, ఒక్కసారి కూడా నాలుగు వందలు దాటనివ్వకూడదు, మూడు నెలలకి మళ్లీ స్కానింగ్.

"మరి మిరప చేతులు?" అని అడిగింది సువార్త. డాక్టరమ్మది కూడా ఈ జిల్లానే. "ముందు నూనె రాసి తుడవాలి, తర్వాత సబ్బు. అసలు కల్లంలో గ్లౌజులు తొడుక్కోమనండి. మిలటరీలో తొడగలేదా?" అంది. మూడు జతలు తొడిగాను తల్లీ అనుకున్నాను.

ఇంటికొచ్చిన రోజే వినుకొండవాడికి ఫోన్ చేశాను. వాడూ రిటైరై వాళ్ల ఊళ్లోనే ఉన్నాడు, మందుల షాపు పెట్టుకున్నాడు. క్షేమసమాచారాలు అయ్యాయి. అటూ ఇటూ తిరుగుతూ మాట్లాడుతున్నాను.

"ఒరేయ్, ఆ రోజు నువ్వడిగితే పోశానన్నా చూడు. పొయ్యలేదురా. మూడుసార్లూ అబద్ధమే."

అవతల షాపు షట్టరు సగం దించిన చప్పుడైంది.

"డబ్బా చూసినప్పుడే తెలుసురా నాకు," అన్నాడు. "నువ్వు చెప్తావేమోనని ఇన్నేళ్లూ చూశా. తప్పు నాది కూడా. ఓపెన్ సెట్‌లో, నలుగురు వింటుంటే, పాస్ పోశావా అని అడిగితే ఎవడు చెప్తాడురా? పడ్డావని తెలిసిన సాయంత్రమే ఎక్కి రావాల్సింది. మంచు పడుతుందేమోనని ఆగిపోయా. ఆ తర్వాత నాకు నిద్రపట్టిన రాత్రులు తక్కువ."

నా అబద్ధం నా ఒక్కడి కిడ్నీల్నే తిందనుకున్నాను. వినుకొండలో ఇంకో మనిషిని కూడా తింటోందని అప్పుడు తెలిసింది. నేను నేల మీద కూలబడి, "నీ తప్పేం లేదురా, నీ తప్పేం లేదు," అని చాలాసార్లు అన్నాను. వాడు విన్నాడో లేదో తెలియదు. చివరికి ముక్కు చీదుకుని, "రెండు గంటలైంది, ముందు పోయి నీ పని చూసుకో," అన్నాడు.

మూడు నెలలకి మళ్లీ స్కానింగ్ చేశారు. ఎడమ కిడ్నీ మామూలైంది. కుడిది ఇంకా కొంచెం ఉబ్బే ఉంది, అది అలాగే ఉండిపోవచ్చంది డాక్టరమ్మ.

ఏడాది తిరిగింది, ఇప్పుడు మళ్లీ కోత. మధ్యాహ్నం రెండింటికి గ్లౌజులు తీసి, నూనె రాసి, తుడిచి, సబ్బుతో కడిగి రేకుల పాకలోకి వెళ్తాను. బయటికి వచ్చి అంకె చెప్తాను, కూలీలు వింటున్నా సరే.

"మూడు వందల తొంభై."

"ఎర్రగా ఏమన్నా ఉందా?" అని కల్లం అవతలి నుంచి అరుస్తుంది సువార్త.

"లేదు. కొంచెం ముదురు రంగు."

"అయితే ఇంకో చెంబు తాగు."

తాగుతూ కల్లం వంక చూస్తాను. కంటికి ఆనినంత మేర ఎర్రగా పరిచి ఉంటుంది మిరప. నాకు అది కనిపించదు. తెల్లటి కొత్త మంచు కనిపిస్తుంది. తాడు చివర నాలుగు పసుపు గుంటలు, ఆవిరి ఇంకా పోలేదు. వాటి పక్కన ఐదో మనిషి చోటు, ఎవరూ అడుగు పెట్టనట్టు, నున్నగా ఉంటుంది.